ఉడతల తుపాకి అద్దం

వంటగది మూలన ఆనించి ఉన్న ఉడతల తుపాకి వీపు బోసిగా కనపడేసరికి వెల్డా చేతిలో కాఫీ పాత్ర గాలిలోనే ఆగిపోయింది.

నిన్న థాంక్స్‌గివింగ్ భోజనాల హడావిడిలో ఆ మూలకేసి చూడనే లేదు. ఇప్పుడు చూస్తే తుపాకి ఉంది, దాని మీద ఉండాల్సిన స్కోపు లేదు. బొటనవేలంత లావు, జానెడు పొడుగున్న దుర్భిణీ గొట్టం అది. ఉడతల్ని కొట్టడానికీ, చిక్కుడు మడిలో బొరియలు తవ్వే జంతువుల్ని తోలడానికీ పనికొచ్చే చిన్న తూటాల తుపాకికి తగ్గ చిన్న అద్దం. ఆ తుపాకి పేలితే ఎవరో దగ్గినట్టుంటుంది తప్ప భుజానికి తెలియనైనా తెలియదు.

స్కోపు ఎక్కడికి పోయిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొగ కనపడ్డాక మంట ఎక్కడని అడుగుతామా? కాఫీ పాత్ర స్టవ్ మీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ వెనక వసారాలోకి వెళ్ళింది.

కొడుకు లోరెన్ రెండు కుర్చీల మీద అడ్డంగా వాళ్ళ నాన్న పెద్ద రైఫిల్ పరుచుకుని, దాని మీద ఆ చిన్న గొట్టాన్ని మరలు తిప్పి బిగిస్తున్నాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని పని చేసుకుంటుంటే ఆరేళ్ళవాడిలా ఉన్నాడు.

“అది ఉడతలదిరా” అంది వెల్డా.

“నిన్నటి దాకా. ఇవాళ ప్రమోషన్ వచ్చింది.”

“మీ నాన్న స్కోపేమైంది?”

“లోపల ఆవిరి పట్టింది. అందులోంచి చూస్తే కొండ కనపడాల్సిన చోట గంజి కనపడుతోంది. నిన్నంతా స్టవ్ పక్కన పెట్టి చూశా, పోలేదు. ఇది చూడు, ఎంత తేటగా ఉందో. ఆ కొట్టం తలుపు మీద మేకులు లెక్కపెట్టొచ్చు.”

వెల్డా చూడలేదు. ఆమె చూపు అద్దం మీద లేదు, అద్దం వెనక అంచుకీ కొడుకు కుడి కంటికీ మధ్య ఉన్న ఖాళీ మీద ఉంది. పెద్ద తుపాకి కోసం చేసిన స్కోపైతే కన్ను బెత్తెడు దూరంలో ఉన్నా బొమ్మంతా కనిపిస్తుంది. ఈ చిన్నదానికి ఆ మర్యాద లేదు. రెండు వేళ్ళ దూరం దాకా ముఖం తీసుకెళ్తే తప్ప అందులో ఏమీ కనపడదు. ఉడతల తుపాకి తన్నదు కాబట్టి అది చెల్లింది. ఎమెరీ రైఫిల్ మాత్రం గుర్రం తన్నినట్టు తంతుంది.

ఎమెరీ ఆమె భర్త. పోయిన ఫిబ్రవరిలో పోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె అతని కోసం భయపడని చావు లేదు. చెట్టు మీద పడుతుందని, రంపం జారుతుందని, మంచులో ట్రక్కు లోయలోకి పోతుందని, ఎవడో తాగి గోధుమరంగు కోటును జింకనుకుంటాడని. తీరా చూస్తే ఆయన చర్చిలో శుక్రవారం చేపల విందుకు వెళ్ళి, పళ్ళెంలో రెండో ముక్క వడ్డించుకుని, కుర్చీలో కూర్చుని కూర్చునే పోయాడు. ఆ ఒక్కటీ ఆమెకు తట్టలేదు. అప్పటి నుంచి తన భయాల మీద తనకే నమ్మకం పోయింది గానీ, భయం మాత్రం పోలేదు.

“వద్దు నాన్నా” అంది.

“మొదలెట్టావా.”

“డాక్టరు ఏమన్నాడు?”

“కొండలెక్కొచ్చు, వేటకెళ్ళొచ్చు అన్నాడు.”

“కంటికి దెబ్బ తగలకూడదన్నాడు. ఇంకోసారి తగిలితే ఆ పొర మళ్ళీ కుట్టడానికుండదన్నాడు. నేను పక్కనే కూర్చున్నాగా, నా చెవుల్తో విన్నా.”

లోరెన్ మరో మర తిప్పాడు. ఏప్రిల్‌లో పాల ట్యాంకరు నడుపుతుండగా వాడి కుడి కంట్లో నల్లటి తెర దిగింది, కిటికీకి తెర లాగినట్టు. కంటి వెనక పొర ఊడిందన్నారు. ఎడమ కన్ను పుట్టినప్పటి నుంచీ మందమే. చిన్నప్పుడు మంచి కంటికి పట్టీ కట్టి మందం కంటికి పని చెప్పమంటే, బళ్ళో పిల్లలు వెక్కిరిస్తున్నారని వాడు పీకేశాడు, ఏడుస్తున్నాడు కదా అని ఈమె మళ్ళీ కట్టలేదు. ఆ పాపం తనదేనని ఆమెకు తెలుసు. ఆపరేషన్ తర్వాత పది రోజులు వాడు బోర్లా పడుకునే ఉన్నాడు, లేస్తే పొర అతుక్కోదని. నేల మీద చాప వేసుకుని వాడి ముఖం కింద చెయ్యి పెట్టి స్ట్రాతో సూపు తాగించింది. బడి వంటశాలలో నాలుగు వందల మంది పిల్లలకు వండి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని. అలసట అప్పుడు మొదలైంది, ఇంతవరకూ దిగలేదు.

ఇప్పుడా కన్ను బాగానే ఉంది. దగ్గరివి కాస్త మసక. వాడికున్నది ఆ ఒక్క కన్నే.

“బోయిడ్ బాబాయ్ తన రెండో తుపాకి ఇస్తానన్నాడు కదరా. దానికి సరైన స్కోపుంది.”

“నాన్న చోట నాన్న తుపాకితోనే కూర్చోవాలమ్మా. నీకు తెలీదా?”

తెలుసు. ఇది ఎక్కడా రాసి లేదు గానీ ఈ కొండల్లో దీన్ని ఎవరూ మీరరు. తండ్రి పోయాక వచ్చిన మొదటి జింకల వేట సీజన్‌లో, మొదటి రోజున, కొడుకు తండ్రి తుపాకి పట్టుకుని తండ్రి కూర్చునే చోట కూర్చోవాలి. ఆ రోజుకి ఆ చోటు ఎవరూ తొక్కరు. మొన్న వేటశిబిరంలో అందరి ముందూ బోయిడ్ ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూపే గోడ పటంలో ఎమెరీ పేరు పక్కన పెన్సిల్‌తో లోరెన్ అని రాశాడు కూడా.

“కొత్త స్కోపు కొనుక్కో.”

“ఏడు నెలలుగా ట్యాంకరెక్కని వాణ్ణి, స్కోపు కొనమంటావా?” వాడు నవ్వాడు. “అమ్మా, స్కోపంటే స్కోపే. అద్దమూ, గొట్టమూ. దేని మీద కూర్చుందో దానికేం తెలుసు?”

“దానికి తెలీదు. నీ కంటికి తెలుస్తుంది.”

*

పది గంటలకు బోయిడ్ పికప్ వచ్చి ఆగింది. ఎమెరీ తమ్ముడు, శిబిరానికి పెద్ద. తలుపు తియ్యకముందే అతని గొంతు లోపలికొస్తుంది.

“వదినా! గుమ్మడికాయ తీపిరొట్టె మిగిలిందా, లేక అది తిన్నవాళ్ళంతా ఏమైపోతారో అని పారేశావా?”

“కూర్చో. ముందు వాడికి చెప్పు.”

బోయిడ్ తుపాకి ఎత్తి చూసి, పళ్ళ మధ్య నుంచి ఈల వేశాడు. “ఒరేయ్, ఇది ఉడతలది కదూ?”

“ప్రమోషన్ వచ్చిందిట” అంది వెల్డా.

“ఇది ఆగదురా అబ్బాయ్. ఈ రైఫిల్ నాలుగు తన్నులు తంతే లోపల గురి చూసే ప్లస్ గుర్తు ఊడి చేతిలోకొస్తుంది. గురి నిలబడదు. జింకను కొట్టబోయి పక్క జిల్లాలో ఆవును కొడతావు.”

“గురి సంగతి కాదు బోయిడ్” అంది వెల్డా. “కన్ను.”

“కన్నా? కంటికేమవుతుంది?”

“తుపాకి తంతే ఆ అంచు కంట్లో దిగుతుంది. మీ అన్నకు తగల్లేదా ఈ తుపాకి కొన్న మొదటేడు? కనుబొమ మీద నెలవంకలా గాటు?”

బోయిడ్ పకపకా నవ్వాడు. “అదా! అది మా అన్నకు అందమొచ్చింది వదినా. ఆ గాటు చూసే నువ్వు పెళ్ళి చేసుకున్నావనుకున్నా.”

“ఆయన స్కోపు బెత్తెడు దూరంలో ఉన్నా దిగింది. ఇది రెండు వేళ్ళ దూరంలో ఉంది. పైగా వీడికి మసక, ఇంకా దగ్గరికి పోతాడు.”

“అమ్మ నిన్న టర్కీ మెడ ఎముక నా గొంతులో అడ్డం పడుతుందని కూడా చెప్పింది బాబాయ్” అన్నాడు లోరెన్. “మొన్న నీళ్ళ గొట్టాలు పేలి ఇల్లు మునుగుతుందని. ఎండాకాలంలో పిడుగు.”

“పడిందా?”

“చెట్టు మీద కూడా పడలేదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. వెల్డాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె జీవితమంతా కీడెంచుతూనే ఉంది, మేలెంచే దాకా ఎవరూ ఆగరు, మధ్యలోనే లేచిపోతారు. వంద సార్లు వట్టిపోయిన నోరు నూటొకటోసారి నిజం చెప్పినా అది ఆవులింతలాగే వినపడుతుంది. అది వాళ్ళ తప్పు కాదు.

చివరికి బోయిడే అన్నాడు. “సరే. కంకర గొయ్యికి పోదాం. ఎలాగూ ఇవాళ అందరూ గురి చూసుకుంటారు. మూడు కాల్చు. బాగుంటే తీసుకెళ్ళు. మీ అమ్మ కూడా చూస్తుంది, మనసు కుదుటపడుతుంది.”

*

కంకర గొయ్యి ఊరికి రెండు మైళ్ళు. రోడ్లవాళ్ళు తవ్వి వదిలేసింది. మూడు వైపులా నిటారు మట్టిగోడ, దూసుకెళ్ళిన తూటా ఎక్కడికీ పోదు. సీజన్‌కు ముందు రోజు కాబట్టి అప్పటికే నాలుగు పికప్‌లున్నాయి. ఒకరి ట్రక్కు వెనక దించిన పలక మీద సీసా, సీసాలో బీట్‌రూట్ రసంలో ఊరిన ఎర్ర గుడ్లు. అందరూ అందులో వేళ్ళు పెడుతున్నారు. పూర్వం సోమవారం మొదలయ్యేది సీజన్ అనీ, దాన్ని శనివారానికి మార్చి కొంప ముంచారనీ ఎవరో సణుగుతున్నాడు. వెల్డాను చూసి టోపీలు సర్దుకున్నారు.

వేటగాళ్ళకు దూరం నుంచే కనపడే నారింజ రంగు తొడుగు వేసుకుని వెల్డా బోయిడ్ ట్రక్కు పక్కన నిలబడింది. చెవుల్లో దూది. తూటా పేలకముందే ఆమె కళ్ళ ముందు అంతా అయిపోయింది. రక్తం, మూడు గంటల దూరంలో పెద్దాసుపత్రి, ఆ నున్నటి గొంతు డాక్టరు తల ఊపడం, లోరెన్ చేతిలో తెల్ల కర్ర, తను పోయాక స్టవ్ మీద నీళ్ళు మరిగాయో లేదో చెవితో విని తెలుసుకునే లోరెన్.

లోరెన్ ట్రక్కు పక్క అంచు మీద సంచి పెట్టి, దాని మీద తుపాకి ఆనించి, నిలబడి కాల్చాడు.

పేలింది. వాడి భుజం వెనక్కి ఊగింది, తల కూడా దాంతోపాటు ఊగింది. కళ్ళు ఆర్పుకుంటూ నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

రెండోది. మూడోది. ఏమీ కాలేదు.

బోయిడ్ నడిచి వెళ్ళి, గోడకు గురిగా పెట్టిన కాగితం పళ్ళెం పట్టుకొచ్చాడు. మూడు చిల్లులూ పళ్ళెంలోనే ఉన్నాయి, ఒకదానికొకటి కాస్త దూరదూరంగా.

“వదినా, నీ కొడుకు రెండు కళ్ళూ లెక్కపెట్టి అప్పగిస్తున్నా. తీసుకో.”

అందరూ నవ్వారు. లోరెన్ మాత్రం మెల్లగా, “చాలా అమ్మా? ఇక ఇంటికెళ్ళి కాస్త పడుకో. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో” అన్నాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

సరే అనబోయింది. నిజంగానే అనబోయింది. తప్పు నాదే, ఎప్పటిలాగే నాదే, పదండి అనబోయి, అలవాటు కొద్దీ ఇంకోసారి చూసింది. తను చూసింది ఏమిటి? నిలబడ్డ మనిషి. నిలబడ్డ మనిషిని తుపాకి తంతే మనిషి వెనక్కి పోతాడు, స్కోపుతో పాటు తలా పోతుంది, మధ్యలో ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఎమెరీ ఎప్పుడైనా నిలబడి కాల్చాడా?

“ఒరేయ్. మీ నాన్న చోటులో ఎలా కూర్చుంటావు?”

“ఎలా ఏముంది? నేల మీద.”

“వీపు దేనికి ఆనుతుంది?”

“హెమ్లాక్ చెట్టు మొద్దుకి.”

“జింక ఎటు నుంచి వస్తుంది?”

లోరెన్ విసుగ్గా చెయ్యెత్తి పైకి చూపించాడు. “గుట్ట మీద నుంచి దిగుతుంది. ఎప్పుడూ అంతేగా.”

“మరి వీపు వెనక మొద్దుంటే నువ్వెక్కడికి పోతావు? పైకి గురి పెడితే తుపాకి మడమ భుజం మీద నుంచి కిందికి జారుతుంది, అద్దం ఇంకా దగ్గరికొస్తుంది. తన్నితే తల పోవడానికి చోటేది?”

నవ్వులు కొంచెం తగ్గాయి. గుడ్లు తింటున్న ఒకాయన నములుతూ ఆగాడు. కానీ లోరెన్ అప్పటికే తుపాకి సంచిలో పెట్టుకుంటున్నాడు. “అమ్మా, మూడు కాల్చా. నీ కోసమే కాల్చా. ఇప్పుడు చెట్టంటావు. చెట్టు తెస్తే గాలంటావు.”

“కూర్చుని ఒకటి కాల్చి చూడు” అన్నాడు వెనక నుంచి ఆ గుడ్లాయన.

“వద్దు!” వెల్డా అరిచింది. “వాడు కాదు! వాడు కాల్చి చూడ్డానికి వాడికున్నదొకటే.”

“మరి ఎవరు చూడాలి వదినా?” బోయిడ్ నవ్వుతూనే అన్నాడు. “నువ్వు కాలుస్తావా?”

తమాషాకే అన్నాడు. కానీ ఆ మాట ఆమె చెవిలో తమాషాగా పడలేదు. అలసిపోయి గుమ్మంలో కూలబడబోయేవాళ్ళకు ఎవరో పీట వేసినట్టుంది. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇక చెప్పక్కర్లేదు.

“ఇలా ఇవ్వు” అంది.

ఆమె చివరిసారి ఈ తుపాకి పట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది. పెళ్ళయిన కొత్తలో ఎమెరీ నేర్పాడు. ఒకే ఒక్క ఆడజింకను కొట్టి, రోజంతా దాని కోసం బాధపడి, మళ్ళీ ముట్టుకోలేదు. బోయిడ్ నవ్వు ఆపి “వదినా, ఊరికే అన్నా” అన్నాడు. ఆమె వినలేదు. మట్టిగోడకు ఎదురుగా, బోయిడ్ ట్రక్కు వెనక చక్రానికి వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తూటా ఒకటి పెట్టుకుంది. చేతులు చేసే పని మర్చిపోలేదు. గోడ పైభాగాన ఎర్రమట్టి మచ్చ ఒకటుంది. తుపాకి ఎత్తింది. అద్దంలో నలుపే కనిపించింది. ముఖం ముందుకు జరిపింది. నలుపులో పైసంత వెలుగు. ఇంకా జరిపింది. వెలుగు విచ్చుకుని, ఎర్రమట్టి, మట్టిలో వేరు, వేరు మీద మంచు, అన్నీ ఎంతో తేటగా వచ్చాయి. వాడు చెప్పింది నిజమే, మేకులు లెక్కపెట్టొచ్చు.

“అమ్మా, ఆపు” అన్నాడు లోరెన్.

దేవుడా, నేను చెప్పింది తప్పయినా బాగుండు, అనుకుంది. నొక్కింది.

చప్పుడు ఆమెకు తెలియలేదు. ఎవరో సుత్తితో నుదుటి మీద మేకు కొట్టినట్టయింది. తల చక్రానికి తగిలింది. తర్వాత వెచ్చగా ఏదో కంట్లోకి దిగింది, లోకమంతా బీట్‌రూట్ రంగైంది.

“అమ్మా! అమ్మా!” లోరెన్ మోకాళ్ళ మీద పడి ఆమె ముఖం పట్టుకున్నాడు. “కన్ను తెరువు. తెరువమ్మా. కనపడుతోందా? నన్ను చూడు!”

ఆమె రెప్పలు విప్పింది. ఒక కంట్లో రక్తం, రెండో కంట్లో వాడు.

“నీకేమైనా పిచ్చా?” వాడు అరుస్తున్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా చీలిపోతోంది. “కన్ను పోతే? నీ కన్ను పోతే ఏం చేసేదానివి?”

“నాకు రెండున్నాయి నాన్నా” అంది వెల్డా.

గుడ్లాయన టోపీ తీసి ఎందుకో మళ్ళీ పెట్టుకున్నాడు. బోయిడ్ తన మెడలోని రుమాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి ఆమె కనుబొమ మీద అదిమి పట్టాడు.

లోరెన్ తుపాకి ఎత్తి, ఖాళీ తూటా తీసేసి, ముఖానికి దూరంగా పట్టుకుని అద్దంలోకి చూశాడు. లోపల ప్లస్ గుర్తు పక్కకు ఒరిగి, గుణకారం గుర్తులా పడి ఉంది. జేబులోంచి నాణెం తీసి, అక్కడే, ట్రక్కు వెనక పలక మీద, ఒక్కో మరా విప్పడం మొదలెట్టాడు.

*

ఊరి క్లినిక్‌లో ఆరు కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన నర్సు నడివయసు మనిషి, పొట్టిగా, హుషారుగా ఉంది.

“ఇవాళ పొద్దుట్నుంచి మీరు మూడోవారు” అంది సూది గుచ్చుతూ. “ఇద్దరు మగాళ్ళొచ్చారు, ఇదే గాటు. ఆడమనిషి మాత్రం మీరే మొదలు. ఏం కొట్టారు?”

“మట్టిగోడ.”

“తగిలిందా?”

“తగిలింది.”

“అయితే వాళ్ళిద్దరికంటే మీరే నయం. ఎముక బాగుంది, కంటికి ఏం కాలేదు. అరంగుళం కిందికి దిగుంటే వేరే కథ.”

బల్ల పక్కన నిలబడ్డ లోరెన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ అరంగుళం మాట విన్నాక వాడి దవడ కదలడం వెల్డాకు కనిపించింది. గెలిచానని ఆమెకు అనిపించలేదు. ఇంతకాలం ఏది జరగకూడదని భయపడిందో అది తన కంటి మీద, తన చేతుల్తో జరిపించుకుంది. వాడి కంటి మీద జరగలేదు, అంతవరకే లాభం. తల దిమ్ముగా ఉంది. ఎక్కడైనా పడుకోవాలనుంది.

కారులో వస్తూ వాడు ఒక్కటే అన్నాడు. “రేపు నాన్న తుపాకితోనే వెళ్తా. స్కోపు లేకుండా. గొట్టం చివరున్న గురి పూసతో చూస్తా.”

“నీకు ఆ పూస కనపడదు కదరా.”

“తెలుసు. యాభై అడుగుల్లోకి వస్తేనే కాలుస్తా.”

పూస తన్నదు. ముఖానికి మూరెడు దూరంలో ఉంటుంది.

*

శనివారం ఉదయం వాడు ఎప్పుడు లేచాడో, ఎప్పుడు వెళ్ళాడో వెల్డాకు తెలియదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఎమెరీకి మొదటి రోజు గుడ్లూ, మాంసమూ వేయించి పెట్టి, ఫ్లాస్కు నింపి, వాకిట్లో నిలబడి జాగ్రత్తలన్నీ వల్లించి పంపిన మనిషి. ఈ ఏడు క్లినిక్ వాళ్ళిచ్చిన మాత్ర మింగి పడుకుని, కొండల్లో తెల్లవారి పేలే మొదటి తుపాకుల చప్పుడు కూడా వినలేదు. లేచేసరికి మధ్యాహ్నం రెండు. కుడి కన్ను వంకాయలా వాచి మూసుకుపోయింది. ఇన్ని గంటలు ఎవరి గురించీ భయపడకుండా గడిచాయని తెలిసి గబుక్కున లేచి కూర్చుంది, స్టవ్ ఆర్పడం మర్చిపోయినట్టు.

వంటగదిలో అలికిడి. లోరెన్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కోటు మీద హెమ్లాక్ ఆకులు. బూట్ల కింద కరిగిన మంచు మడుగు కట్టింది. తుపాకి గోడకు ఆనించి ఉంది.

ఆమె ముందు వాడి కళ్ళు చూసింది. కుడిది, తర్వాత ఎడమది, మళ్ళీ కుడిది.

“ఉన్నాయమ్మా” అన్నాడు వాడు. “రెండూ ఉన్నాయి. కూర్చో.”

“జింక?”

“వచ్చింది.” వాడు బల్ల మీద వేలితో గుట్ట గీశాడు. “కొమ్ములకు ఎనిమిది కొనలున్న మగది. నాన్న చెప్పే దారినే, గుట్ట మీద నుంచి దిగింది. నేనున్నట్టే తెలీదు దానికి. అరవై, డెబ్భై అడుగులు. తుపాకి ఎత్తా. పూస చూస్తే జింక చెరిగిపోతోంది, జింకను చూస్తే పూస కనపడట్లేదు. ఎత్తి పట్టుకునే ఉన్నా, చేతులు నొప్పెట్టేదాకా. ఎక్కడ తగులుతుందో తెలీకుండా ఎలా కాల్చను? దింపేశా. అది కింద వాగులో నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.”

“మంచి పని చేశావు.”

“మంచి పనే.” వాడి గొంతులో మంచేమీ లేదు. “నాన్న ఆ చోట ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఏడు వట్టి చేతుల్తో రాలేదు. కాల్చింది గురి తప్పితే శిబిరంలో చొక్కా చివర కత్తిరించి గోడకు కొడతారు కదా, బాబాయ్ కత్తెర పట్టుకుని వచ్చాడు. కాల్చనేలేదన్నా. కత్తిరించడానికి కూడా ఏమీ లేదు. కత్తెర జేబులో పెట్టుకుని, నా భుజం తట్టి పోయాడు.”

వెల్డా ఎదురు కుర్చీలో కూర్చుంది. కన్ను దక్కింది. దాని బదులు వాడి నుంచి ఏం తీసుకుందో ఇప్పుడు బల్ల మీద ఆ వేలి గీతలో కనపడుతోంది. క్షమించమందామా అనుకుంది. కానీ అది అబద్ధమవుతుంది. రేపు మళ్ళీ ఆ స్కోపు ఎక్కిస్తే రేపు మళ్ళీ ఆ చక్రానికి ఆనుకుని కూర్చుంటుంది.

“నా మీద కోపమా?”

“ఉంది. నీ మొహం చూస్తే ఉండట్లేదు. మళ్ళీ అలా ఎప్పుడూ చెయ్యకు.”

“చెయ్యను” అంది. ఇద్దరికీ తెలుసు.

మొన్నటి టర్కీతో ఆమె సూపు వేడి చేసింది. రెండు గిన్నెల్లో పోసింది. తింటుంటే ఆమెకు జనవరిలో లైసెన్సుకి జరిగే కంటి పరీక్ష గుర్తొచ్చింది. పూస కనపడనివాడికి ఆ అక్షరాలు కనపడతాయా, కనపడకపోతే ట్యాంకరు ఇస్తారా, ఇవ్వకపోతే...

“జనవరిలో...” అని మొదలెట్టింది.

“ఇవాళ వద్దమ్మా.” లోరెన్ చెంచా కింద పెట్టాడు. కోపంగా కాదు, మోసీ మోసీ దింపినవాడిలా అన్నాడు. “ఇవాళ ఒక్కరోజు ఏదీ వద్దు.”

ఆమె నోరు మూసుకుంది. కుట్లు లాగుతున్నాయి. ఎక్కడో కొండ అవతల ఒక తుపాకి పేలింది, ఇద్దరూ తలెత్తలేదు.

సూపు తాగుతూ ఆమె బల్ల కిందకు చూసింది. బూట్ల పైకి కనపడుతున్న వాడి మేజోళ్ళు తడిసి నల్లగా ఉన్నాయి. తడి కాళ్ళతో ఇంతసేపా, జలుబు, జలుబు ముదిరితే దగ్గు, దగ్గితే కంటి మీద ఒత్తిడి పడుతుందని ఆ డాక్టరే కదా అన్నాడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. సూపుతో పాటు మింగేసింది.

కాసేపటికి లోరెన్ తనంతట తనే వంగి బూట్లు విప్పి, మేజోళ్ళు పిండి, స్టవ్ పక్కన ఆరేశాడు. ఆమె వైపు చూడలేదు. మళ్ళీ వచ్చి కూర్చుని, “ఇంకాస్త పొయ్యమ్మా” అని గిన్నె ముందుకు జరిపాడు.